రిజిస్టర్‌లో చివరి గడి: పెద్దవాళ్ల కోసం ఆరోగ్య కార్యక్రమం నడిపిన అనుభవం

మొదటిసారి మేం పెట్టింది ఒక్కరోజు శిబిరం. అరవై దాటినవాళ్లని పిలిచి, బీపీ చూసి, షుగర్ చూసి, అంకెలు ఎక్కువున్నవాళ్లకి చీటీ రాసిచ్చి పంపాం. సాయంత్రానికి రిజిస్టర్ నిండిపోయింది. పని బాగా జరిగిందనుకున్నాం. నెల తర్వాత ఆ రిజిస్టర్ పట్టుకుని ఇళ్లకి వెళ్తే అసలు సంగతి తెలిసింది. చీటీ ఎక్కడ పెట్టారో చాలామందికి గుర్తు లేదు. ఒంట్లో బాగానే ఉంది కదా అని కొందరు డాక్టరు దగ్గరికే వెళ్లలేదు. వెళ్లినవాళ్లకి ఏ మందు రాశారో, వేసుకుంటున్నారో లేదో మా దగ్గర ఎక్కడా లేదు. పేరు, వయసు, బీపీ, షుగర్ అని గడులు గీసుకున్నాం గానీ ‘తర్వాత ఏమైంది’ అనే గడి గీయలేదు. రెండోసారి మొదలుపెట్టినప్పుడు ముందు గీసింది ఆ గడినే. ఇక్కడ రాస్తున్నదంతా ఆ రెండోసారి గురించి.

వైద్యం అందే దారి లేనప్పుడు జనానికి పరీక్షలు పెట్టకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు నిపుణులు 1968లోనే రాశారు. అందుకని మిషన్లు కొనకముందే దగ్గర్లోని ఆసుపత్రివాళ్లతో కూర్చున్నాం. మేం పంపినవాళ్లని ఏ రోజు, ఎవరు చూస్తారు? చీటీ తీసుకెళ్తే వరసలో ఎంతసేపు నిలబడాలి? చూశాక ఏం చేశారో చీటీ వెనక రెండు ముక్కలు రాసి పంపుతారా? మూడోదానికి ఒప్పించడానికే ఎక్కువ రోజులు పట్టింది. చివరికి డాక్టరు రాయాల్సింది బాగా తగ్గించాం: మందు పేరు, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ. అంతే. ఆ రెండూ రాయడానికి గీతలు మేమే గీసిచ్చాం. తెల్ల కాగితం ఇస్తే ఎవరూ రాయరు, గీత గీసిస్తే రాస్తారు.

చీటీలు మూడు రంగుల్లో పెట్టుకున్నాం. ఎర్ర చీటీ అంటే ఆ రోజే వెళ్లాలి, మాలో ఒకరు వెంట వెళ్తారు. పసుపుది వారంలోపు. తెల్లది నెలలోపు. బీపీ 180/110 దాటితే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసి, అప్పుడూ అలాగే ఉంటే ఎర్ర చీటీ ఇచ్చి డాక్టరుకి ఫోన్ చేసేవాళ్లం. దానికి తోడు ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే రెండోసారి కొలవడం కోసం ఆగే పనే లేదు, నేరుగా అత్యవసర విభాగానికే.

ఏం చూడాలన్నది పెద్ద చర్చ. దొరికిన పరీక్షలన్నీ పెట్టాలనిపిస్తుంది. కానీ పెద్దవాళ్ల విషయంలో జబ్బుల పట్టిక కన్నా, రోజువారీ పనులు తమంతట తాము చేసుకోగలుగుతున్నారా అన్నదే ముందు చూడాలని మా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెచ్చిన ఐకోప్ (పెద్దవాళ్ల సమగ్ర సంరక్షణ) చేతిపుస్తకం ఈ పద్ధతిలోనే ఆరు విషయాలు అడగమంటుంది: జ్ఞాపకం, కదలిక, తిండి, చూపు, వినికిడి, మనసు. మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక తిరిగి చెప్పమనడం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు 14 సెకన్లలోపు లేవగలరా చూడటం, మూడు నెలల్లో అనుకోకుండా 3 కిలోలకు మించి బరువు తగ్గారా అని అడగడం, ఇలాంటివన్నమాట. మిషన్ అక్కర్లేదు. నేర్పితే వాలంటీర్లే చేయగలరు. మేం వీటికి బీపీ, షుగర్, పడిపోయే ప్రమాదం, టీకాలు కలిపి అక్కడితో ఆగాం.

బీపీ చూడటం తేలికనుకుంటారు గానీ మేం ఎక్కువ తప్పులు చేసింది అక్కడే. శిబిరంలో జనాన్ని బల్ల మీద వరసగా కూర్చోబెట్టి చూశాం. బల్లకి వీపు ఆనించుకునే చెక్క లేదు, చెయ్యి ఆనించే చోటు లేదు, పక్కవాళ్లతో కబుర్లు. ఈ మూడూ అంకెని పైకి నెడతాయి. రెండోసారి బీపీకి విడిగా ఒక మూల ఇచ్చాం. వీపు ఆనే కుర్చీ, పక్కన గుండె ఎత్తుకు వచ్చే బల్ల, దాని మీద మడత పెట్టిన దుప్పటి. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి. పొట్టిగా ఉన్నవాళ్ల కాళ్లు గాల్లో వేలాడితే కింద పీట వేసేవాళ్లం. కాలు మీద కాలు వేసుకోకూడదు. ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. అరగంట ముందునుంచి కాఫీ, పొగాకు ఉండకూడదు. కొలిచేటప్పుడు మనం పలకరించకూడదు, వాళ్లు జవాబివ్వకూడదు.

ఇంకొకటి మాకు ఆలస్యంగా తట్టింది. మూత్రం ఆపుకుని కూర్చుంటే బీపీ పెరుగుతుంది. మరుగుదొడ్డి మేడ మెట్లెక్కి వెళ్లాల్సిన చోట ఉంది, వరస పోతుందని పెద్దవాళ్లు అలాగే ఓర్చుకుని కూర్చునేవారు. నోరు తెరిచి చెప్పరు. ఆ తర్వాత కార్యక్రమం పెట్టే చోటు ఎంచుకునేటప్పుడు మొదట చూసింది మెట్లు లేని మరుగుదొడ్డి ఉందా అనే.

బీపీ మిషన్‌తో చేతికి చుట్టే పట్టీ సంగతీ అంతే. పట్టీ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టుకోవాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. సన్నబడ్డ చేతికి పెద్ద పట్టీ కడితే ఉన్న బీపీ దాగిపోతుంది. భుజానికీ మోచేతికీ మధ్యలో టేపుతో చుట్టుకొలత తీసి, పట్టీ మీద రాసున్న సెంటీమీటర్లతో సరిచూసి కట్టాలి. ఒకే సైజుతో అందరికీ చూసిన మా మొదటి రిజిస్టర్ మీద అందుకే మాకు నమ్మకం పోయింది. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అది బిగిసి నొక్కుతుంది, తీసేయించడమే మేలు. నిమిషం తేడాతో మూడుసార్లు చూసి, మొదటిది వదిలేసి, మిగతా రెండింటి సగటు రాసేవాళ్లం. ఆ సగటు 140/90 గానీ ఆపైన గానీ ఉంటే ఇంకో రోజు మళ్లీ చూశాకే చీటీ. మిషన్ పెట్టేముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని అర నిమిషం చూడటం కూడా అలవాటు చేశాం. నాడి క్రమం తప్పి కొట్టుకుంటుంటే మిషన్ అంకె మీద ఆధారపడలేం. పైగా అలాంటి గుండె లయ పక్షవాతానికి దారితీయొచ్చు. వాళ్లకి ఈసీజీ తీయించాల్సిందే.

తూలుతున్నామన్నవాళ్లకి నిలబెట్టి కూడా చూడాలి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మళ్లీ మూడు నిమిషాలకి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, లేవగానే మెదడుకి రక్తం చాలడం లేదన్నమాట. రాత్రి మంచం దిగగానే పడిపోవడానికి ఇదో ముఖ్యమైన కారణం. కూర్చోబెట్టి మాత్రమే చూస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. బీపీ ఎక్కువుందని మందు పెంచుతారు, మనిషి మరింత తూలతాడు.

షుగర్ దగ్గర పెద్దగా చెప్పాల్సింది లేదు. వేలు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. పండు తిన్న వేలికి అంటిన తీపి చాలు, అంకె తప్పు రావడానికి. వేలి చివర మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. మనిషికో కొత్త సూది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా గట్టి డబ్బాలో వేయాలి, డబ్బా ముప్పావు నిండగానే మూసేయాలి. స్ట్రిప్‌ల సీసా మూత తెరిచి ఉంచితే తేమ తగిలి పాడవుతాయి. పరగడుపున 126 గానీ ఆపైన గానీ వస్తే ల్యాబులో రక్తపరీక్షతో ఖాయం చేసుకోవాలి, మీటరు చూసి షుగర్ జబ్బుందని చెప్పేయకూడదు. మేం చేసిన తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. అందరినీ పరగడుపున రమ్మన్నాం. అప్పటికే షుగర్ మందు వేసుకుంటున్నవాళ్లు కూడా ఏమీ తినకుండా వచ్చి గంటల తరబడి వరసలో కూర్చున్నారు. ఒకావిడకి చెమటలు పట్టి చేతులు వణికాయి. షుగర్ 70 కంటే కిందికి పడిపోయింది. 15 గ్రాముల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూస్తే నిలదొక్కుకుంది. అప్పటినుంచి మందు వాడేవాళ్లని మామూలుగా తిని రమ్మంటున్నాం. వాళ్లకి అక్కడ చూడాల్సింది పాదాలు. 10 గ్రాముల నైలాన్ తీగతో అరికాలు తాకి స్పర్శ తెలుస్తోందా అని చూడటం, వేళ్ల సందుల్లో పుళ్లున్నాయేమో చూడటం.

ఈ వయసులో ఇంకేం మారతాం అనే మాట చాలాసార్లు విన్నాం. షుగర్ వచ్చే దశలో ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగి 2002లో ఫలితాలు వచ్చిన పెద్ద పరిశీలనలో బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమ లక్ష్యంగా పెట్టారు. మొత్తం మీద షుగర్ జబ్బు రావడం 58 శాతం తగ్గింది. అరవై దాటినవాళ్లలో 71 శాతం తగ్గింది. వయసు ఎక్కువున్నవాళ్లకే లాభం ఎక్కువ. ఈ సంగతి పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించాం.

ఇక పడిపోవడం. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇచ్చాం, ఇవ్వాలి కూడా. ‘ఈమధ్య పడ్డారా?’ అని అడిగితే లేదనే అంటారు. పడ్డానని తెలిస్తే పిల్లలు బయటికి పోనివ్వరని భయం. అందుకని అడిగే తీరు మార్చాం. ‘ఈ ఏడాదిలో ఎప్పుడైనా కాలు జారిందా, తూలి నేల మీద చతికిలబడ్డారా? నడిచేటప్పుడు, నిలబడేటప్పుడు పట్టు తప్పినట్టుంటుందా? పడిపోతానేమోనని దిగులుందా?’ ఈ ప్రశ్నలు పక్కన కొడుకో కోడలో లేనప్పుడు అడగాలి. ఒక్కదానికి అవునన్నా నడక పరీక్ష పెట్టేవాళ్లం.

చేతులున్న కుర్చీని గోడకి ఆనించి పెట్టాలి, లేకపోతే లేచేటప్పుడు వెనక్కి జరుగుతుంది. కుర్చీ ముందు 3 మీటర్ల దూరంలో నేల మీద రంగు టేపు అతికించాలి. టేపు అంచు లేచి ఉంటే దానికే కాలు తట్టుకుంటుంది, అరిచేత్తో గట్టిగా అదిమి అతికించాలి. మామూలుగా వేసుకునే చెప్పులతో, కర్ర ఉంటే కర్రతో, రోజూ నడిచే వేగంతోనే లేచి, గీత దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోవాలి. ‘లేవండి’ అన్న మాటతో గడియారం మొదలు, కూర్చున్నాక ఆపడం. 12 సెకన్లు గానీ ఎక్కువ గానీ పడితే ప్రమాదం ఉన్నట్టే. మా వాలంటీర్లు ‘త్వరగా, త్వరగా’ అని ఉత్సాహపరిచేవారు. దాంతో పరీక్షే చెడుతుంది, పడిపోయే ప్రమాదమూ ఉంది. నోరు మెదపకుండా పక్కన ఒకడుగు వెనగ్గా నడవాలి. సెకన్ల కన్నా కళ్లు చెప్పేది ఎక్కువ: అడుగులు ఎత్తకుండా ఈడుస్తున్నారా, మలుపు దగ్గర చిన్న చిన్న అడుగులు వేస్తున్నారా, కూర్చునేటప్పుడు కుర్చీలోకి కూలబడుతున్నారా. కూలబడ్డారంటే తొడ కండరంలో సత్తువ తగ్గిందని అర్థం.

ఆ సత్తువ కొలవడానికి ఇంకో పరీక్ష ఉంది. 43 సెంటీమీటర్ల ఎత్తున్న, చేతులు లేని కుర్చీలో కూర్చుని, చేతులు రొమ్ము మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం. 70 నుంచి 74 ఏళ్లవాళ్లలో మగవాళ్లు 12 కన్నా, ఆడవాళ్లు 10 కన్నా తక్కువ చేస్తే కాళ్లు బలహీనపడ్డాయని లెక్క. చేతులతో కుర్చీనో తొడనో నొక్కి లేస్తే సున్నా వేయాలి. సున్నా వేయడానికి మనసొప్పక మావాళ్లు కొన్ని వదిలేసేవారు. ఆ సున్నా వల్లే ఆ మనిషికి వ్యాయామం అందుతుందని చెప్పాక సరిగా రాశారు.

వ్యాయామానికి న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో క్యాంప్‌బెల్, రాబర్ట్‌సన్ బృందం తయారుచేసిన పద్ధతిని ఆధారం చేసుకున్నాం. కాళ్లకి బలం, నిలకడకి సాధన, నడక, ఈ మూడూ కలిసిన పద్ధతి అది. దానితో పడిపోవడాలు సుమారు 35 శాతం తగ్గాయని వాళ్ల పరీక్షల్లో తేలింది. ఉత్త నడక చాలదు. నడుస్తున్నాం కదా, వ్యాయామం ఎందుకనే పెద్దవాళ్లకి ఇది ఓపిగ్గా చెప్పాలి. నడక గుండెకి మంచిదే, కానీ తూలినప్పుడు నిలదొక్కుకునే శక్తి నిలకడ సాధనతోనే వస్తుంది. వారానికి రెండు రోజులు మా దగ్గర, ఇంకో రోజు ఇంట్లో.

మొదట పది నిమిషాలు కీళ్లు వదులు చేయడం. తర్వాత మడమలు లేపి మునివేళ్ల మీద నిలబడటం, మునివేళ్లు లేపి మడమల మీద నిలబడటం, మోకాళ్లు కొద్దిగా వంచి లేవడం, కాలు పక్కకి ఎత్తడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఒక్కోటి పదేసి చొప్పున రెండు దఫాలు. రెండు దఫాలూ తేలిగ్గా చేస్తుంటే చీలమండకి బరువు పట్టీ కట్టడం. అర కిలోతో మొదలుపెట్టి మెల్లగా పెంచాం. నిలకడకి ముందు పాదాలు పక్కపక్కన, తర్వాత ఒక పాదం సగం ముందుకి, ఆ తర్వాత ఒక మడమకి ఇంకో పాదం బొటనవేలు తాకేలా, చివరికి ఒంటికాలి మీద. ఒక్కోదాంట్లో పది సెకన్లు. రెండు చేతులూ పట్టుకుని, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక వేలు, ఆ పైన వదిలేసి. ఎప్పటికీ రెండు చేతులూ పట్టుకునే చేయిస్తే ఏళ్లు గడిచినా నిలకడ రాదు. కొంచెం ఊగితేనే ఒళ్లు నేర్చుకుంటుంది, కాకపోతే ఊగినప్పుడు పట్టుకోవడానికి గట్టి ఆసరా చేతికందేంత దూరంలో ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీని ఆసరాగా పెట్టి మేం ఒకసారి తప్పు చేశాం, బరువు పడగానే దాని కాళ్లు విచ్చుకున్నాయి. అప్పటినుంచి గోడవారనో, బరువైన బల్ల దగ్గరో చేయిస్తున్నాం. ఊపిరి బిగబట్టొద్దు, అంకెలు పైకి లెక్కపెట్టమంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా వెంటనే ఆపాలి.

మూడో వారానికి జనం పలచబడ్డారు. కండరాలు నొప్పులు పెట్టి కొందరు, ఏం మార్పు కనబడక కొందరు. రానివాళ్లకి మర్నాడే ఫోన్ చేసే పని మేం చేయకుండా, గుంపులోని పెద్దవాళ్లకే జతలుగా అప్పగించాం. మేం చేస్తే అది తనిఖీలా ఉంటుంది, తోటివాళ్లు చేస్తే పలకరింపు. ఇంటి సాధనకి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ బృందం ఆరు వారాల తరగతుల కోసం రూపొందించిన పద్ధతి బాగా పనికొచ్చింది. వారం మొదట్లో ప్రతి ఒక్కరూ ఒక చిన్న పని ఎంచుకుంటారు: ఏం చేస్తారు, ఎంతసేపు, ఏ వేళ, వారంలో ఎన్నిసార్లు. చేయగలనన్న నమ్మకం పదికి ఎంత అని అడగాలి. ఏడు కన్నా తక్కువ చెబితే మనిషిని బతిమాలకూడదు, పనిని తగ్గించాలి. రోజూ అరగంట అన్నవాళ్లు నాలుగు రోజులు పది నిమిషాలకి దిగొచ్చి, అది మాత్రం తప్పకుండా చేశారు.

ఇంటికెళ్లి చూసినప్పుడు మందులన్నీ ఒక సంచిలో వేసి తెమ్మనేవాళ్లం. సంచి మంచం మీద గుమ్మరించగానే సగం కథ బయటపడేది. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో, ఇద్దరు డాక్టర్లు రాసినవి, రెండూ వేసుకుంటున్నారు. నిద్రమాత్రలు, మగత తెచ్చే జలుబు మాత్రలు, బీపీ మాత్రలు ఒకే పూట. మేం దేన్నీ ఆపమని చెప్పం, ఆ అధికారం మాది కాదు. మాత్రల అట్టల మీది పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, తూలుతున్నారని పైన రాసి డాక్టరుకి పంపుతాం. ఆ తర్వాత ఇల్లు: మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రి వెలుతురు, జారే పట్టాలు, దారికి అడ్డంగా వైర్లు, స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడలోకి దిగ్గొట్టిన కడ్డీ. బట్టలారేసే కడ్డీని పట్టుకుని లేచేవాళ్లు చాలామంది ఉంటారు. మనిషి బరువుకి అది ఊడొస్తుంది.

టీకాల రోజు విడిగా పెట్టాం. ఫ్లూకి ఏటా, న్యుమోనియాకి, సర్పికి (షింగిల్స్), ఏ వయసులో ఏవి అన్నది ఆయా దేశాల పట్టికని బట్టి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి సంగతి అందరూ చూసుకుంటారు, గడ్డకడితే చెడిపోతాయన్నది మరిచిపోతారు. ఐసు ముక్కకి సీసా తగలకుండా మధ్యలో అట్ట పెట్టాలి. వేసుకున్నాక 15 నిమిషాలు కూర్చోబెట్టాలి.

వారానికి ఒక సాయంత్రం రిజిస్టర్ తెరిచి చివరి గడి ఒక్కటే చదువుతాం. డాక్టరుని కలిశారని రాస్తే సరిపోదు, మందు మొదలైందా, తర్వాత చూసిన బీపీ ఎంత అని రాయాలి. ఖాళీగా ఉంటే మూడుసార్లు ఫోన్, ఎత్తకపోతే ఇంటికి. రానన్నవాళ్లకి ‘వద్దన్నారు’ అని రాసి పక్కన తేదీ వేస్తాం, మూడు నెలలకి మళ్లీ అడగడానికి. అలా రెండోసారి అడిగినప్పుడు ఒప్పుకున్నవాళ్లున్నారు. మొదటిసారి ఎందుకు వద్దన్నారో ఒక పెద్దావిడ చెప్పింది: ఆసుపత్రి దాకా వెంట వచ్చేవాళ్లు లేరు. అప్పటినుంచి తెల్ల చీటీ మీద కూడా ‘వెంట ఎవరు?’ అని ఒక గీత గీశాం.